ఋణసత్యము

గ్రీష్మాతపమున కమిలిన విశాఖనగరముపై ఆషాఢప్రథమమేఘములు సముద్రమునుండి లేచి నల్లని పందిళ్లవలె వ్రేలాడుచుండ తడిసిన విమానాశ్రయప్రాంగణమున కలహంస విమానసంస్థవారి శ్వేతవిమానములు వర్షవిరామమునకై వేచి వరుసగా నిలిచియుండెను.

తత్సంస్థాధిపతి జయసింహవర్మ మహాసాహసి. రైలుబండియైనను సరిగాఁ జేరని చిన్నపట్టణములకు విమానములు నడిపి సామాన్యజనుల మన్ననఁ గొన్నవాఁడు. కాని యా విమానములన్నియు విదేశీయులయొద్ద అద్దెకుఁ దెచ్చినవే. అద్దె చెల్లింపవలసినది డాలర్లలో; టిక్కెట్లపై వచ్చునది రూపాయలలో. రూపాయి క్షీణించినకొలఁది ఋణము కూర్చున్నచోటనే పెరుగఁజొచ్చెను.

క్రొత్తఋణ మీయవచ్చిన బ్యాంకు ప్రతినిధులు సభాగృహమున నిరీక్షించుచుండ వర్మ తన ప్రధానగణకురాలగు హైమవతిని గదికిఁ బిలిపించి యిట్లనెను.

"అమ్మా! మున్ముందు చెల్లింపవలసిన అద్దెభారమును పద్దులలోఁ జూపకుము. ఇంజనుల మరమ్మతుకై విడిగా నుంచిన సొమ్మును లాభమునఁ గలుపుము. ఋణము లభించిన పిదప సర్వముఁ జక్కఁబెట్టుదము. ఎన్ని కుటుంబములు నీ సంతకముపై నాధారపడియున్నవో యెఱుఁగుదువు గదా!"

తాను దిక్కులేక తిరిగిన దినములలోఁ గొలువిచ్చి యాదరించినవాఁ డతఁడే యని తలఁచి హైమవతి కన్నులు చెమ్మగిల్లెను.

"అయ్యా! ఆ లెక్క బ్యాంకువారినే కాదు, మిమ్మును మోసగించును. లేని లాభమును నమ్మి ఇంజనుల మరమ్మతును మీరే వాయిదా వేయుదురు. ఆ విమానములలో నెక్కువారు మనలను నమ్మినవారు. నేను సంతకము చేయఁజాలను."

వర్మ ముఖము జేవురించెను. "అట్లయిన నీవే పోయి వారితోఁ జెప్పుము. సంస్థ మునిఁగినచోఁ బాపము నీది!"

ఆమె పోయి యున్నదున్నట్లు చెప్పెను. బ్యాంకువారు ఋణము నిరాకరించిరి. అద్దె బాకీపడిన విమానములను వాని స్వాములు కొనిపోయిరి. పలువురు కొలువులు గోల్పోయిరి. వారిలో సంస్థయందుఁ గొన్ని వాటాలుగూడఁ గల హైమవతి తమ్ముఁడు చక్రపాణి యొకఁడు. నాఁడు మొదలతఁ డక్కతో మాటాడఁడయ్యె.

అయినను పద్దులు యథార్థములని నమ్మిన పాతఋణదాతలు మిగిలిన విమానముల రాబడిని తూఁచి గడువు పెంచిరి. సంస్థ కృశించెను గాని నశింపలేదు.

మఱుసటియేఁడు వాటాదారుల సభలో నొక వృద్ధుఁడు లేచి "ఈయేఁడైన లాభమా?" యని యడిగెను.

"నష్టమే. ఎంతయో ఆమె చెప్పును, ఆమె చెప్పినది నమ్ముఁడు" అని పలికి వర్మ కూర్చుండెను.

హైమవతి లేచి క్రిక్కిఱిసిన యా సభలోఁ దమ్ముని మొగమునకై యొకమాఱు కలయఁజూచి కానక గొంతు సవరించుకొని నష్టమును చదువ నారంభించెను.