సోమవారం వచ్చే మనిషి

పిండి పలచనైందని ఓస్లౌగ్ అంది. ఆదివారం పొద్దున ఏడింటికి, కోడలి వంటింట్లో, కోడలు ఒక్కతీ కలిపిన పది లీటర్ల వాఫిల్ పిండిలో గరిటె ముంచి పైకెత్తి, అది జారే తీరు చూస్తూ అంది. "మా రోజుల్లో పిండిలో గరిటె నిలబడేది. అయినా ఫరవాలేదులే అమ్మాయ్, నీకు తీరికేదీ!" ఆ తీరిక లేదనడం జాలో ఎత్తిపొడుపో పధ్నాలుగేళ్ళ కాపురంలో టూరున్‌కి ఒక్కసారీ తేలలేదు. ఆమె ఇంకో రెండు గుప్పిళ్ళ పిండి పోసి, యాలకుల పొడి చల్లి, మళ్ళీ కలపడం మొదలుపెట్టింది. కుడి భుజం కలుక్కుమంది. "ఈత కాస్త తగ్గించకూడదూ?" అంది అత్తగారు, చెయ్యి మార్చుకోవడం చూసి.

ఈత. ఆ సంగతికి వద్దాం.

ఆ రోజు బడి బ్యాండు కోసం పాత సామాన్ల సంత. ఊరంతా అటకలు దులిపి, బల్లలూ పింగాణీ గిన్నెలూ పాతబడ్డ స్కీలూ తెచ్చి బడి వ్యాయామశాలలో పోస్తారు. వచ్చిన డబ్బుతో పిల్లలకి వాయిద్యాలు కొంటారు. పని మాత్రం శ్రమదానం. ఆ ఊళ్ళో శ్రమదానానికి రానని అన్నవాళ్ళు లేరు. అంటే తర్వాత కొట్లో ఎదురుపడినప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తల్లిదండ్రుల సంఘానికి ఆరేళ్ళుగా పెద్ద టూరున్ మొగుడు గైర్. గైర్ లాంటివాడు వీధికొకడు ఉంటే చాలని ఊళ్ళో అనుకుంటారు. అతను నిజంగానే కష్టపడతాడు, కాదనడానికి లేదు. జాబితా రాస్తాడు. ఎవరు బల్లలు మొయ్యాలి, ఎవరు కాఫీ కాయాలి, ఎవరు సామాన్లు సర్దాలి అన్నీ గీతలు గీసి రాస్తాడు. ఎవరూ ఒప్పుకోని గడిలో పెళ్ళాం పేరు రాస్తాడు. "మా ఆవిడేగా, అడగక్కర్లేదు" అంటాడు, అందరూ నవ్వుతారు. టూరున్ కూడా నవ్వుతుంది. నవ్వకపోతే బాగుండదు కదా.

ఇక ఈత. టూరున్ పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. నాలుగింటిదాకా నోళ్ళు తెరిపించడం, పరికరాలు అందించడం, ఉమ్ములు తుడవడం. తర్వాత కొట్టుకి, అక్కడినుంచి పొయ్యి దగ్గరికి, పొయ్యి దగ్గరినుంచి చిన్నవాడు ఐవిన్ పోగొట్టుకొచ్చిన చేతి తొడుగు వెతకడానికి. ఇది కాక నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం, గురువారం పొద్దున్న ఐదున్నరకి, అదే బడి వ్యాయామశాలని జీతానికి తుడవడం. గైర్ వాళ్ళ బాబాయి పోయాక కొండమీది కర్రిల్లు వీళ్ళు తీసుకున్నారు. పైకప్పు మార్చాలి. "ఒక్క చలికాలం, టూరున్. ఒక్కటే. పైకప్పు పడగానే మానేద్దువుగాని" అన్నాడు. పైకప్పు పడింది. తర్వాత మెట్లు, మెట్ల తర్వాత బావి. ఆ కర్రిల్లు మాత్రం సెలవుల్లో ఎవరు తుడుస్తారనుకున్నారు?

మొదట్లోనే గైర్ ఇంకో మాట కూడా అన్నాడు. సిగ్గని కాదట. ఊళ్ళో అందరికీ మనింటి సంగతులెందుకట. సంఘం పెద్ద పెళ్ళాం అదే బడిలో నేల తుడుస్తోందంటే మనుషులు ఏవేవో అనుకుంటారట. కాబట్టి తల్లికి, టూరున్ పొద్దున్నే ఈతకొలనుకి వెళుతోందని చెప్పాడు. తుడిచే మందు వాసన కొలను వాసనలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాలేదు. "పొద్దున్నే ఈతలాడే భాగ్యం మాకెక్కడిదమ్మా" అని ఓస్లౌగ్ నాలుగేళ్ళుగా అంటూనే ఉంది, కోడలు ఆ మాటలు మింగుతూనే ఉంది. కూతురు మారెన్‌కి అప్పుడు ఎనిమిదేళ్ళు. "నా స్నేహితులకి కూడా ఈతనే చెప్పాలా అమ్మా?" అని అడిగింది. చెప్పమనే అంది టూరున్. కడుపున పుట్టినదానికి అబద్ధం నేర్పింది, అదీ తన చెమట గురించి. ఒకరోజు ఆ పిల్ల సంచీలో చిన్న గీకుడు చాకు దొరికింది. ఎందుకే ఇది అని నిలదీస్తే, వ్యాయామశాల బెంచీల కింద పిల్లలు అంటించే చూయింగ్ గమ్ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గీకేస్తున్నానని చెప్పింది. నీకు పని తగ్గుతుందని, అంది. ఆ రోజు టూరున్ స్నానాల గదిలోకి పోయి, కుళాయి తిప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చింది.

గురువారం బడి కాపలాదారు కాగితం ఇచ్చాడు. పని ఇంకో ఏడాది కొనసాగిస్తారా, మానేస్తారా, ఏదో ఒక గడిలో గుర్తు పెట్టి సంతకం చేసి సోమవారం ఇవ్వమన్నాడు. శుక్రవారం సాయంత్రం బంగాళాదుంపలు ఉడుకుతుంటే టూరున్ నోరు తెరిచింది. ఆ ఒక్క వాక్యాన్ని ముందురోజు నుంచీ మనసులో కూడబలుక్కుంది.

"గైర్, నేనింక చెయ్యలేను."

అతను సంత జాబితా ముందేసుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే అన్నాడు, అందరూ అలిసిపోతారు, ఈ వారం సంత పనుల మీద తనెంత తిరిగాడో ఆమె చూడలేదా అని. వచ్చే ఏడు కొండమీద స్నానాల గది కట్టేస్తే చాలన్నాడు. ఇంకొక్క చలికాలం. ఆమె ఏదో అనబోయేలోగా దుంపల నీళ్ళు పొంగి పొయ్యి మీద పడ్డాయి, తుడవడానికి ఆమే లేచింది. తుడుస్తూ ఒక్కటి మాత్రం అడిగింది. ఈసారి సంత అయ్యాక నేల తుడిచే పని వేరేవాళ్ళకి వెయ్యి. సోమవారం నాకు మామూలు మురికి చాలు. సరేనన్నాడు. ఆమె కళ్ళముందే ఆరు కుటుంబాల పేర్లు రాశాడు. ఆ ఆరు పేర్లూ చూసి ఆమెకి ఎంత సంతోషమైందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మనిషి ఎంత కొద్దిదానికి పొంగిపోతుంది.

సంత పదింటికి మొదలైంది. టూరున్ వాఫిళ్ళ బల్ల వెనక నిలబడింది. ఒకటి కాలగానే ఇంకోటి పొయ్యడం, పైన జామో చీజో పెట్టి అందించడం, చిల్లర ఇవ్వడం, మళ్ళీ పొయ్యడం. పిండి చిక్కగా ఉందని ఎవరో మెచ్చుకుంటే, "నేను చెప్పబట్టి" అంది పక్కన కాఫీ పోస్తున్న ఓస్లౌగ్. జనానికి సంత కనిపిస్తోంది. టూరున్‌కి నేల కనిపిస్తోంది. బూట్లకంటిన మంచు కరిగి, దారుల మీద చల్లే కంకరతో కలిసి బురదైంది. ఎవరో గాజు కూజా జారవిడిచారు. ఎర్రటి షర్బత్తు గోడవార ఒలికి, అందులోనే పిల్లలు పరుగెత్తారు. షర్బత్తుకి వేడినీళ్ళు కావాలి. గాజుని మోకాళ్ళ మీద కూర్చుని తడిబట్టతో ఏరాలి. పోనీలే, ఈసారి ఆరు కుటుంబాలున్నాయి కదా అనుకుని, ఆమె ఆరుసార్లు నేల మీంచి చూపు తిప్పుకుంది.

నాలుగింటికి సంత ముగిసింది. బాగా అమ్ముడుపోయింది. గైర్ బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టి అందర్నీ పిలిచాడు. ముఖం వెలిగిపోతోంది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు, వాఫిళ్ళ గురించి కూడా ఒక జోకు వేశాడు. తర్వాత చేతులు చాచి అన్నాడు:

"ఇంతసేపూ ఒళ్ళు హూనం చేసుకున్నారు. ఇక ఊడవడాలూ తుడవడాలూ వదిలేసి ఇళ్ళకెళ్ళండి. రేపు సోమవారం, తుడిచే మనిషి ఎలాగూ వస్తుంది. ఆమెకి జీతమిచ్చేది అందుకేగా."

జనం ఈలలు వేశారు. చీపుళ్ళు గోడకి చేరబడ్డాయి. టూరున్ చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె గైర్ ముఖంలోకి చూసింది. ఒక్క క్షణం తడబడినా, తనవైపు దొంగచూపు చూసినా, ఇంటికెళ్ళి బతిమాలుకుంటాడులే అని సరిపెట్టుకునేది. పధ్నాలుగేళ్ళుగా చేస్తున్నది అదే కదా, సరిపెట్టుకోవడం. కానీ అతని ముఖంలో తప్పు చేస్తున్నట్టు ఏమీ లేదు, సంబరం తప్ప. ఆమెకి అప్పుడు అర్థమైంది. అతనికి గుర్తు లేదు. తుడిచే మనిషి ఎవరో అతను శుభ్రంగా మరిచిపోయాడు. నాలుగేళ్ళు దాచీ దాచీ, తన దగ్గర కూడా దాచేసుకున్నాడు.

అక్కడితో అయిపోయేదేమో, బెంటె మంచితనం అడ్డొచ్చింది. బెంటె బ్యాండులో డప్పు వాయించే పిల్ల తల్లి, మెత్తని మనిషి. మిగిలిన నాలుగు వాఫిళ్ళని పళ్ళెంలో పెట్టి, చేతిరుమాలు కప్పి, కలం తీసింది.

"పాపం, ఇంత చెత్త చూసి ఆ మనిషి గుండె ఆగిపోతుంది. ఇవి ఆమెకి వదిలేద్దాం. ఉత్త థాంక్స్ అంటే ఏం బాగుంటుంది, పేరు రాస్తాను. ఆమె పేరేమిటి గైర్? నీకు తెలిసే ఉంటుంది."

గైర్ అప్పుడు చూశాడు పెళ్ళాం వైపు. గుర్తొచ్చింది. ముఖం తెల్లబోయింది. అతని కళ్ళు ఆమెని వద్దని బతిమాలాయి, అవే కళ్ళు శుక్రవారం జాబితా మీంచి లేవలేదు.

"ఏమో," అన్నాడు. "మునిసిపాలిటీ వాళ్ళు ఎవరినో పంపుతారు. నాకు తెలీదు."

గోడ దగ్గర క్లారినెట్ పెట్టె పట్టుకుని నిలబడ్డ మారెన్ తండ్రిని చూసి, తల దించుకుంది. ఆ దించుకోవడం టూరున్ చూసింది. తను నేర్పిందే అది.

గరిటె గిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుంది.

"టూరున్ అని రాయి బెంటె."

"నీ పేరే?" అని నవ్వింది బెంటె. "ఎంత చిత్రం!"

"నా పేరే. ఆ మనిషిని నేనే."

అందరికన్నా ముందు తేరుకున్నది ఓస్లౌగ్. "మరి ఈత?" అంది, కాఫీ కెటిల్ పట్టుకునే.

"ఈత లేదత్తయ్యా. నాలుగేళ్ళుగా నేను దిగిన నీళ్ళు బకెట్లోవే."

గైర్ బెంచీ దిగి వచ్చాడు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నాడు, పళ్ళ మధ్యనుంచి. ఆమె బెంటె చేతిలోంచి కలం తీసుకుంది. సంచీలోంచి కాగితం తీసి, వాఫిళ్ళ బల్ల మీద జామ్ మరకలు లేని చోటు చూసి పరిచి, మానేస్తానన్న గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసింది. రేపటినుంచి ఇంట్లో ఏం వినాల్సొస్తుందో ఆమెకి తెలియక కాదు. ఆ ఇంటికే వెళ్ళాలి, ఆ పొయ్యి ముందే నిలబడాలి, కొండమీద స్నానాల గది పేరు రోజూ వినాలి. అయినా సంతకం పూర్తిగా పెట్టింది, ఇంటిపేరుతో సహా. తర్వాత మెడలోంచి తాడు తీసి, దానికున్న వ్యాయామశాల తాళంచెవి గైర్ అరచేతిలో పెట్టింది.

"తుడవక్కర్లేదని అందరికీ మాటిచ్చింది నువ్వు. ఎనిమిదింటికి పిల్లలొస్తారు, ఐదున్నరకి మొదలుపెడితేగాని కాదు," అంది మెల్లగా, పని అప్పజెప్పే గొంతుతో. "పక్కవాకిలి తలుపు బిగుసుకుంటుంది. పిడి తిప్పితే రాదు. కుడి భుజం పెట్టి నెట్టాలి."