ఎవరి ఎముకో

భార్య పోయాక తాపీమేస్త్రీ ఊడిన పళ్ల సంగతి పట్టించుకోలేదు. నమలాల్సిన తిండి వండిపెట్టేవాళ్లూ లేరు. తీరా కూతురి పోరు పడలేక పళ్ల ఆసుపత్రికి వస్తే, కింది దవడ ఎముక కరిగిపోయిందనీ, కొత్త పళ్లకు మర బిగించే చోటే లేదనీ చెప్పింది డాక్టరమ్మ.

“ముందు ఎముక వేసి పెంచాలి. పోతూ పోతూ దానమిచ్చినవాళ్ల ఎముకని శుభ్రం చేసి పొడిగా ఇస్తారు.”

“ఊరందరి గోడలూ లేపినవాణ్ణి, ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదమ్మా. నాదే కోసి వెయ్యండి.”

“మీ గడ్డంలో అంత లేదండీ. తుంటి నుంచి తియ్యాలి. నాలుగు రోజులు పక్కన మనిషుండాలి.”

మేస్త్రీ కూతురి వైపు చూశాడు.

“నన్ను చూడకు నాన్నా. అమ్మ జబ్బులో సాయానికొచ్చిన అత్తనీ బాబాయినీ గుమ్మంలోంచే తరిమావు. నేనొక్కదాన్నే ఎంతకని చావను?”

మేస్త్రీ డాక్టరమ్మ వైపు తిరిగాడు.

“ఆ పొడి ఎవరిదో చెబుతారా?” అని అడిగాడు.

“చెప్పరండీ. మాకూ తెలీదు.”

“అయితే అదే వెయ్యండి. ఇచ్చినవాడు రేపు ఎదురుపడి దెప్పడు,” అని మేస్త్రీ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు.