మూత తీసేముందు వెనక్కి చూసేవాళ్లు

నేను ఒక రేకు డబ్బాను. మూత మీద గులాబీలు, లోపల తుప్పు. పుట్టింది బిస్కెట్ల కోసం. బిస్కెట్లు అయిపోయాక ఆ చేయీ ఈ చేయీ మారి, మార్కాపురంలో పలకల షెడ్డుల పక్కనున్న ఈ ఇంటికి వచ్చిపడ్డాను. సూదీదారం దాచుకున్నవాళ్లూ, ముక్కుపుడక దాచుకున్నవాళ్లూ అందరిదీ ఒకటే తంతు: మూత తీసేముందు ఒకసారి వెనక్కి చూడటం. ఇలా బతికినదానికి మనుషుల మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి?

ఈ ఇంటి పెద్ద హుసేనమ్మ అయితే మరీను. ఆమె పలకలు కోసే షెడ్డులో పనిచేసేది. అక్కడ దగ్గనివాళ్లు లేరు కాబట్టి, ఆమె దగ్గితే పలక దుమ్మే అనుకున్నారు. కొడుకు ఖాసీంపీరాకు పెళ్లి కాకముందు ఆమె కంభం వెళ్లి, చెల్లెలి ఇంటి అడ్రసు చెప్పి, అక్కడి ఆసుపత్రిలో టీబీ మాత్రలు తెచ్చుకుంది. సొంత ఊళ్లో తెలిస్తే ఎవరూ సంబంధం కలుపుకోరని భయం. కొన్నాళ్లు మింగింది. దగ్గు తగ్గగానే మానేసింది. మిగిలిన మాత్రలు నా అడుగున, పాత రవికగుడ్డ కింద చేరాయి. ఆ తర్వాత దగ్గు తిరగబెట్టినప్పుడల్లా తలనొప్పి బిళ్లలా ఒకటో రెండో వేసుకునేది. తన వైద్యానికి తనే మురిసిపోయేది. నాకు మాత్రం ఆ వైద్యం మీద మొదటినుంచీ అనుమానమే.

కోడలు మౌలాబి వచ్చింది. నూరీ పుట్టింది. పిల్ల పాకే వయసుకి మౌలాబికి సాయంత్రమైతే జ్వరం, ఆగని దగ్గు పట్టుకున్నాయి. పరీక్షలో టీబీ అని తేలింది. ఆమె మాత్రలు కూడా నాలోనే పెట్టారు, రవికగుడ్డ పైన. కింద ఏముందో ఆమెకు తెలియదు. తెలిసిన మనిషి నోరు విప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మౌలాబి వాంతి ఆపుకుంటూ మరీ మాత్రలు మింగేది. నేను సాక్ష్యం. అయినా మనిషి రోజురోజుకీ తీసికట్టు అయిపోతోంది. హుసేనమ్మకు అనుమానం మొదలైంది. అనుమానించాల్సిన మనిషే అనుమానిస్తుంటే చూడటం ఎంత కంపరమో!

"మందేసుకుంటే నయం గావాలిగా? ఏడ పారేస్తన్నావు?" అంది ఒకరోజు.

"నా బిడ్డ మీద ఒట్టత్తా, ఒక్కటి కూడా ఇడిసిపెట్టలా."

"బిడ్డ మీద ఒట్లెయ్యబాక. పుట్టింటికి పోయి నయం జేసుకోనిరా. పిల్ల నాకాడుంటది. నీకాడుంటే దానిక్కూడా అంటిస్తావు."

మౌలాబి మొగుడి వంక చూసింది. ఖాసీంపీరా నేల వంక చూశాడు. మర్నాడు ఆటో మాట్లాడుకొచ్చాడు. మౌలాబి సంచి సర్దుకుని, పిల్లను ముట్టుకోకుండా దూరం నుంచే చూస్తూ ఏడ్చింది. నూరీ నాయనమ్మ ఒళ్లో హాయిగా నిద్రపోతోంది.

ఆటో కదలకముందే టీబీ సూపర్‌వైజర్ ఇశ్రాయేలు సార్ వచ్చాడు. మందు ఎందుకు పట్టడం లేదో తేల్చడానికి అంతకుముందే మౌలాబి కఫం పెద్ద ల్యాబుకు పంపాడు. ఇంట్లో దగ్గేవాళ్లది కూడా కావాలంటే, దుమ్ము దగ్గుకు ఏమొస్తుందిలే అని హుసేనమ్మ ధీమాగా ఇచ్చింది.

"ఈ అమ్మాయి మందు మానలేదమ్మా. ఆమె ఒంట్లో పురుక్కి ఆ మందే పనిచెయ్యట్లా," అన్నాడు సార్. "కోట్ల పురుగుల్లో ఒకటీ అరాదానికి జన్యువు దానంతటదే మారిపోతా ఉంటది. అట్టా మారినదాన్ని మందు పట్టుకోలేదు. అన్ని మందులూ కలిపి చివరిదాకా వాడితే అదీ చస్తది. మధ్యలో మానేసి, బుద్ధిపుట్టినప్పుడు ఒకటి మింగితే మాట వినేవి చస్తాయి, మొండివి మిగిలి పెరుగుతాయి. అయ్యే పక్కనోళ్లకు అంటుకుంటాయి." హుసేనమ్మ వైపు తిరిగాడు. "మీక్కూడా టీబీ ఉందమ్మా. మీ ఇద్దరి పురుగుల్లోనూ ఒకే చోట ఒకే మార్పు. మీరు ముందెప్పుడన్నా ఈ మందు వాడారా?"

నేను గూట్లోంచి ఆమెనే చూస్తున్నాను. ఈసారీ అబద్ధం చెబుతుందనే అనుకున్నాను. ఆమె లేచి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా నా మూత తీసింది, గుడ్డ ఎత్తింది, పాత మాత్రలు తీసి సార్ చేతిలో పెట్టింది.

"కడుపులో తిప్పేది సార్. పనికి పోలేకపోయేదాన్ని. దగ్గు తగ్గింది గదా అనుకున్నా," అంది.

మౌలాబి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "పిల్లని చూడండి సార్," అంది. "రోజూ ఆమె పక్కలోనే పడుకునేది."

ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. ఇద్దరికీ వేరే మందులు, పెద్ద కోర్సు. పిల్లకు పరీక్షలు చేయించాలనీ, ఇద్దరి కఫం శుభ్రమయ్యేదాకా దాన్ని దూరంగా ఉంచాలనీ సార్ గట్టిగా చెప్పాడు. మర్నాడు హుసేనమ్మే నన్ను దొడ్లో పాత రేకుల కుప్ప మీద వేసింది. ఇక్కణ్ణుంచి గుమ్మం బాగా కనిపిస్తుంది. నూరీ ఏడుస్తోంది. ఖాసీంపీరా దాన్ని ఎలా ఎత్తుకోవాలో తెలియక ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారుస్తున్నాడు. పిల్ల ఒకసారి తల్లివైపు, ఒకసారి నాయనమ్మవైపు చేతులు చాస్తోంది. గుమ్మానికి అటొకరు ఇటొకరు కూర్చున్న ఆ ఇద్దరూ తమ చేతులు కొంగు కింద దాచుకున్నారు.