నూనె తినే పురుగులు

బాటసింగారం దగ్గర డీజిల్ ట్యాంకర్ బోల్తాపడి అండాలమ్మ ఆకుకూరల మడి మునిగిపోయిన తర్వాత, ఏడాదిపాటు అక్కడ గరిక కూడా మొలవలేదు. నేల నల్లగా అట్టకట్టింది. ఎండ కాస్తే చాలు, వాసనకు తల తిరిగేది.

ఎల్బీనగర్‌లో ఓ చిన్న ప్రయోగశాలలో పనిచేసే ఇంద్రాణి ఆ మట్టిని తీసుకెళ్లి పరీక్షించింది. డీజిల్‌లో నానినా చావని బ్యాక్టీరియా అందులో కొద్దిగా మిగిలి ఉంది. దాన్నే ఫ్లాస్కుల్లో పెంచి, యూరియా కలిపి, మళ్లీ ఆ మడిలోనే చల్లించింది. మట్టి తిరగేస్తూ, తడి ఆరకుండా చూడమని చెప్పింది. అవి నూనెను తిని బతుకుతాయంటే అండాలమ్మ నవ్వలేదు.

"మా నేలల పుట్టినయే కద బిడ్డా. ఏది దొరికితే గదే తింటయి," అంది.

వానాకాలం వచ్చేసరికి వాసన సగానికి తగ్గింది. ఒక మూల తోటకూర మొలిచింది. మట్టిలో ఇంకా డీజిల్ ఉంది, అది తినొద్దని, పీకేయమని ఇంద్రాణి చెబితే అండాలమ్మకు చేతులు రాలేదు. చివరికి ఇంద్రాణే పీకింది.

అంతలో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోలు దాటలేదు. కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఫ్లాస్కులను ఊపే యంత్రం ఆగితే లోపలికి గాలి అందదు. ఇంద్రాణి చేతులు పడిపోయేదాకా వాటిని తనే ఊపేది. అయినా ఒకరోజు మూత తీస్తే కుళ్లు వాసన గుప్పుమంది. ఫ్రిజ్‌లో దాచిన బ్యాక్టీరియా కూడా దక్కలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లో భర్త రాఘవేంద్ర, "పిల్లల్ని తీసుకుని కొన్నాళ్లు తెనాలి వెళ్లిరా. ఇక్కడ మనల్ని చూసే చూపు మారింది," అన్నాడు.

"ఒక్కసారి ఆ మడి చూసొచ్చి వెళ్తానండి," అందామె.

దొరికిన ఆటోలో హయత్‌నగర్ దాకా వెళ్లి, అక్కడినుంచి నడిచింది. మడి ఇంకా కనబడకముందే బ్లీచింగ్ పౌడర్ ఘాటు ముక్కుకు తగిలింది. మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంది. గట్టు మీద అండాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె మరిది భిక్షపతి నిలబడి ఉన్నాడు. అతను ఆటో నడుపుతాడు.

"నేనే చల్లిన," అన్నాడు అతనే ముందుగా. "ఆంధ్రోళ్లు మీ భూమిల రోగాల పురుగులు కలుపుతున్నరు, రేపు చవకల గుంజుకుంటరు అని ఊరంత అంటున్నరు. మా వదినె ఒక్కతే ఉంటది. నాకు భయమైంది."

ఇంద్రాణికి కోపం రాలేదు. వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవి మల్ల పుడతయా బిడ్డా?" అండాలమ్మ అడిగింది.

"నా దగ్గర పెంచినవి చచ్చిపోయాయమ్మా. లోపలి మట్టిలో ఎక్కడైనా మిగిలుంటే మొదటినుంచీ పెంచాలి. మళ్లీ ఏడాది పడుతుంది."

అండాలమ్మ కొంగు దించి, తెల్లబడ్డ మట్టి వైపు చూసింది.

"ఇంక వద్దు," అంది. "నువ్వొస్తే ఊరోళ్లు ఒకటంటరు. రోజూ అందరితోని పోట్లాడ నాకు శాతగాదు. హయత్‌నగర్ మార్కెట్ల మూటలు కట్టే పనుందట, పోత. ప్లాట్లు చేస్తమని తిరుగుతున్నోళ్లకు ఇది ఇచ్చేస్త."

ఇంద్రాణి ఏదో చెప్పబోయింది. అండాలమ్మ అప్పటికే లేచి ఇంటివైపు నడుస్తోంది.

"బస్సుల్లేవు కద మేడం, దింపుత," అన్నాడు భిక్షపతి.

హైవే బోసిగా ఉంది. బండి ఆటోనగర్ దాటింది.

"గవి నిజంగనే నూనె తింటయా మేడం?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"తింటాయి."

"మనుషులనేం జేయవా?"

"ఏమీ చెయ్యవు."

అతను తల ఆడించాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో దింపి, ఇంద్రాణి పర్సు తీస్తుంటే చూడనట్టే బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆమె మెట్లెక్కి ప్రయోగశాలకు వెళ్లింది. కరెంటు లేదు. కిటికీ తెరిచి, ఆ వెలుతురులో ఫ్లాస్కులు ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టింది.