ముగ్గురి ముందు ఒట్టు

పోయిన కొత్త సంవత్సరం రెండో రోజున, బుఖారాలోని మా యూదుల ప్రార్థనాలయంలో, పండగ ఆచారంగా నేను ఊదిన పొట్టేలు కొమ్ము గాడిదలా ఓండ్ర పెట్టింది. పెదవులు ఎండిపోయాయి, అంతే. ఇరవై రెండేళ్లుగా ఊదుతున్నవాణ్ని. పక్కన నిలబడి ఏ ఊదు తర్వాత ఏ ఊదో చెప్పి అందించే పిన్‌ఖాస్, నా చిన్ననాటి స్నేహితుడు, కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. అతని మొహం మీదే, ధర్మగ్రంథాల బీరువా మీద చెయ్యి వేసి, "ఇక ఈ కొమ్ము నోట పెడితే ఒట్టు" అనేశాను.

కోపం నెల్లాళ్లలో చల్లారింది. ఒట్టు చల్లారదు కదా. నాకు దేవుడితో పేచీలు చాలా ఉన్నాయి. ఆయన వింటున్నాడో లేదో కూడా తెలియదు. అయినా ఆయన పేరున అన్న మాటని, నా మంగలి షాపులో రాలిన వెంట్రుకల్లా ఊడ్చిపారేయలేను.

ఈ ఏడు పండగ దగ్గరపడింది. ఊళ్లో ఊదగలిగినవాడు మరొకడు లేడు. ప్రార్థనకి తప్పనిసరైన పదిమంది మగాళ్లు పోగవడమే గగనం.

"కొమ్ము వినకపోతే నాకది కొత్త ఏడాదే కాదు" అంది నా భార్య బులోర్. ఆపరేషనయి, మూడు నెలలు మంచంలో ఉండి ఈ మధ్యే లేచింది. "నీ నోటిదురుసుకి ఊరంతా ఉసూరుమనాలా? పోయి విప్పించుకో!"

పండగ ముందురోజు పొద్దున ముగ్గురి ముందు నిలబడి ఒట్లు విప్పించుకోవడం మా ఆచారం. పుస్తకంలో అందరికీ కలిపి ఒకటే పాఠం ఉంటుంది. గుంపులో దూరి గబగబా చదివేసి, హమ్మయ్య అనుకున్నాను.

"రేపు నేనే ఊదుతాను తాతా" అన్నాను, మా పెద్దదిక్కు ఉరియేల్ తాతతో.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఒరే యూనో, ఆ పాఠం మర్చిపోయిన ఒట్లకిరా. గుర్తున్నదాన్ని నోరు తెరిచి చెప్పాలి. నీది గుర్తుందా లేదా?"

"ఉంది."

"మరి నిలబడు."

అప్పటికే అందరూ బజారు పనుల మీద వెళ్లిపోయారు. మిగిలింది తాతా, మా వీధిలో ఉండే నిసీమూ, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్న పిన్‌ఖాసూ.

"పిన్‌ఖాస్, రా, కూర్చో. మూడోవాడివి నువ్వే."

ఏడాదిగా మాకు మాటల్లేవు. బులోర్ మంచాన పడితే గుమ్మం దాకా రాని మనిషి. వాడి ముందు తప్పు ఒప్పుకోవాలంటే ప్రాణం చచ్చిపోయింది. అయినా చెప్పాను, వాడి నవ్వుతో సహా.

"ఊదేవాడు లేక రేపు ఊరంతా చిన్నబోతుందని తెలిస్తే ఆ రోజు ఒట్టేసేవాడివా?" అన్నాడు తాత.

"లేదు తాతా. బుద్ధి తక్కువై వేశాను."

ముగ్గురూ కలిసి మూడుసార్లు అన్నారు: "నీకు విడుదల." గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆకాశంలో ఉన్నాయనతో వేసుకున్న ముడిని నేలమీది ముగ్గురు విప్పేయగలగడం! మా మతంలో నాకు నచ్చే సంగతి అదొక్కటే అయినా సరే, చాలు.

వెళ్లబోతుంటే పిన్‌ఖాస్ లేచి నేను నిలబడ్డ చోటే నిలబడ్డాడు. "ఒరే, వచ్చి నా కుర్చీలో కూర్చో. నాకూ ఒకటుంది."

కూర్చున్నాను.

"ఆ రోజు నాకూ తిక్కరేగింది. వీడు పిలిచేదాకా వీడి గడప తొక్కనని ఒట్టేశాను. తర్వాత వదిన పడకేసింది. ప్రతి శుక్రవారం కోడి సూపు కాచి, వీడి వీధి మొదట్లో నిలబడి, నిసీమ్ వాళ్లావిడ చేతికిచ్చి పంపేవాణ్ని."

నిసీమ్ తల దించుకున్నాడు. నిసీమ్ భార్య చేతివంట అనుకుని నేను లొట్టలేస్తూ మెచ్చుకున్నది ఆ సూపునే.

"అలా అవుతుందని తెలిస్తే వేసేవాడివా?" అన్నాడు తాత.

"ఛ" అన్నాడు పిన్‌ఖాస్.

"నీకు విడుదల" అన్నాం ముగ్గురం, మూడుసార్లు. తాతా నిసీమూ ఆగిపోయారు. నేను ఆగలేకపోయాను.

"మూడు చాలురా!" అని తాత కసిరేసరికి, ఐదోసారి అంటున్నాను.