తెల్లబడిన కాలువ

సమ్మె మొదలైన పద్దెనిమిదో రోజున ఆవుల అరుపులు భరించలేక ఎర్మెటె చెవుల్లో దూది పెట్టుకున్నాడు. దూదికి ఆగే అరుపులా అవి!

ఇటలీలో పార్మా చుట్టుపక్కల పల్లెల్లో కూలీలంతా సమ్మె కట్టిన వేసవి అది. కోతకి పోకూడదు, పశువుల కొట్టంలో అడుగు పెట్టకూడదు. కూలీల సంఘం మాటంటే మాటే. భూస్వామి పట్నం నుంచి దింపిన మనుషులకు పొదుగు ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. సగం పితికి వదిలేస్తుంటే పొదుగులు వాచి, గట్టిపడి, ఆవులు పగలల్లా గోల పెట్టేవి. ఇరవై ఏళ్ళుగా ఆ కొట్టంలో పాలు పితికిన ఎర్మెటె, ఏ అరుపు ఏ ఆవుదో ఇంట్లో కూర్చునే చెప్పగలడు. అదే అతని ఖర్మ.

ఇంట్లో అతనూ, ఏడేళ్ళ కూతురు నెల్లా, అంతే. భార్య పోయి మూడేళ్ళయింది. రోజుకి ఒక్కపూట మొక్కజొన్న సంకటి, అదీ నీళ్ళలా. పిల్ల మెడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. ఒక్కటే ఆశ. సమ్మె తేలేదాకా పిల్లల్ని దూరాన జెనోవా పట్నంలో కార్మికుల ఇళ్ళకు పంపాలని సంఘం తీర్మానించింది. అక్కడ మూడు పూటలా తిండి ఉంటుంది. ఆదివారం రైలు. జాబితాలో నెల్లా పేరు ఉంది.

గురువారం తెల్లవారుతుండగా మోరా అనే ఆవు అరుపు మారింది. అది జ్వరం పట్టిన ఆవు అరుపని ఎర్మెటెకి తెలుసు. ఇక ఉండలేకపోయాడు. కొరివితో తల గోక్కుంటున్నానని తెలిసే వెళ్ళాడు. కాపలావాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు. మోరాతో పాటు మరో నాలుగు ఆవుల్ని పితికాడు. యజమానికి ఒక్క చుక్క దక్కకుండా బాల్చీలన్నీ కొట్టం వెనక కాలువలో పారబోశాడు. ఆవుకీ అన్యాయం లేదు, సంఘానికీ ద్రోహం లేదు అనుకున్నాడు పాపం.

ఆ కాలువ మలుపు తిరిగి కూలీల ఇళ్ళ ముందు నుంచే పారుతుంది. ఇరవై ఏళ్ళు అందులో చేతులు కడుక్కున్నవాడికి ఆ సంగతి ఆ పూట గుర్తు రాలేదు.

బట్టలుతకడానికి వచ్చిన ఆడవాళ్ళకి నీళ్ళు తెల్లగా కనిపించాయి. వాళ్ళలో దెసోలినా ఉంది. ఎర్మెటె భార్యకి చెల్లెలు. తిండిలేక ఆమె పాలు ఎండిపోయి, చంకలోని ఎనిమిది నెలల బిడ్డకి చక్కెర నీళ్ళు పడుతోంది. ఆమె తెల్లటి నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయింది. సరిగ్గా అప్పుడే, మోచేతుల దాకా పాలతో తడిసిన చొక్కాతో ఎర్మెటె గట్టు మీదుగా వచ్చాడు.

ఆ సాయంత్రమే సంఘం కూర్చుంది. అధ్యక్షుడు తాపీమేస్త్రి అన్సెల్మో. భూస్వామికి తానేమీ ఇవ్వలేదని ఎర్మెటె చెప్పుకున్నాడు. అందరూ నమ్మారు కూడా.

"ఆవుకేం తెలుసన్నా సమ్మె సంగతి?" అన్నాడు.

"మా పసివాళ్ళకి తెలుసేంట్రా?" అన్నాడు అన్సెల్మో.

వెలివేద్దామా అని ఓటు పెట్టాడు. చేతులు లేచాయి. వెలి. ఇక అతనితో ఎవరూ మాట్లాడరు, పొయ్యిలోకి నిప్పైనా ఇవ్వరు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని తల వంచుకున్నాడు. అన్సెల్మో అంతటితో ఆగలేదు. వెలివేసిన ఇంటి బిడ్డకు సంఘం రైల్లో చోటు లేదంటూ జాబితాలో నెల్లా పేరు కొట్టేశాడు.

దెసోలినా లేచింది. అందరికంటే ఆమే ఎక్కువ తిడుతుందనుకున్నారు.

"మా అక్క బిడ్డ అది. నా కూతురని రాసుకోండి. తండ్రి లేడని రాయండి," అంది. తర్వాత అతని వైపు తిరిగింది. "బావా, నీతో మాట్లాడ్డం ఇదే ఆఖరు. స్టేషన్లో నువ్వు కనపడకూడదు. అక్కడెవరైనా అడిగితే ఏం చెప్పాలో పిల్లకి నువ్వే నేర్పు."

రెండు రోజులు అదే పాఠం. మీ నాన్నెవరని అతను అడిగేవాడు. నువ్వే కదా అని పిల్ల నవ్వేది.

"లేడని చెప్పు తల్లీ."

"అబద్ధం కదా నాన్నా?"

"అక్కడ నీకు రోజూ రొట్టె పెడతారు. చెప్పు."

శనివారం కూడా సగంలోనే ఆగిపోయింది, పెదవి వణికి.

ఆదివారం స్టేషన్ నిండా ఎర్ర జెండాలు. పిల్లల గుండెల మీద పేర్లు రాసిన కాగితాలు. సరుకుల షెడ్డు పక్కన కర్రల కంచె వెనక ఎర్మెటె నక్కి నిలబడ్డాడు. రైలు పెట్టె తలుపు దగ్గర జెనోవా నుంచి వచ్చిన ఒకావిడ ప్రతి పిల్లనీ పలకరించి ఎక్కిస్తోంది. నెల్లా వంతు వచ్చింది. ఎవరమ్మాయివని అడిగితే దెసోలినా కూతుర్నంది.

"మరి నాన్న?"

నెల్లా చుట్టూ చూసింది. చూపు కంచె మీదికి వచ్చి, కర్రల సందులో మాసిక వేసిన నీలం చొక్కా దగ్గర ఆగింది. పిల్ల నోరు తెరిచింది. ఎర్మెటె వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

"లేడు," అంది నెల్లా.

గొంతు వణకలేదు. ఎర్మెటె నేర్పినట్టే చెప్పింది.