రామయ్య పేరు మీద యోహాను నెత్తురు

రెండువేల ఇరవై ఒకటి, మే నెల. కరోనా రెండో అల. నంద్యాల ఆసుపత్రిలో మిగిలింది ఒకే ఒక్క ఆక్సిజన్ బెడ్డు. దాన్ని ఆళ్లగడ్డ రామయ్యకు ఉంచమని నర్సుతో చెప్పి, డాక్టర్ సుప్రజ ఆయన కొడుక్కి ఫోన్ చేసింది.

"ప్రవీణ్, మీ నాయన్ని బేగా తీస్కరా. రక్తంలో సీఆర్పీ, డీ-డైమర్ రెండూ బాగా పెరిగినాయి. ఒంట్లో వాపుంది, నెత్తురు గడ్డకట్టే ప్రమాదముంది."

అవతల నవ్వు.

"మా నాయనకేం మేడమ్? ఈడే కూసోని రేపటి తాంబూలాలకు వక్కలు ఏరుతాండాడు."

సుప్రజకు అనుమానం వచ్చింది. "అయితే ఆ నెత్తురు ఎవరిదప్పా?"

ప్రవీణ్ మాట మార్చబోయాడు.

"నిన్నే అడుగుతాండా!"

"చెల్లెలి నిశ్చితార్థం మేడమ్. నాయనకు జరమొచ్చింది. రక్తం రిపోర్టు బాగుంటేనే ఆయన్ని పీట మీద కూసోనిస్తామనిరి మగపెళ్లోళ్లు. ఇంటిపెద్ద తాంబూలం ఇయ్యకుంటే ఊర్లో తలెత్తుకుంటామా? అందుకే నాయన పేరు మీద మా జీతగాడు యోహానుతో నెత్తురు ఇప్పిస్తిమి. వడ్ల మూట ఒక్కడే ఎత్తుతాడు, వానికేం రోగమనుకుంటిమి."

"ఇప్పుడు యాడుండాడు?"

"మూటలు లారీకెత్తుతాండాడు."

"దింపించు!" సుప్రజ అరుపుకు వార్డంతా తిరిగి చూసింది. "వాని నెత్తురు బాగుండింటే మీ నాయన జరాన్ని పందిరంతా పంచుదురు. ఇద్దర్నీ తీస్కరా!"

కారు వచ్చింది. ముందు సీట్లోంచి రామయ్య దగ్గుతూ దిగాడు. వెనక సీట్లో, మూట మోస్తూనే కూలబడ్డ యోహాను, భార్య లూదియా భుజం మీద వాలిపోయి ఉన్నాడు. గోళ్లు నీలం తిరిగాయి. నర్సు వేలికి మీటరు తగిలించింది. ఆక్సిజన్ ఎనభై దాటలేదు.

ప్రవీణ్ అడ్డం వచ్చాడు. "బెడ్డు నాయన పేరు మీదుంది కదా మేడమ్. ఆయన్ని పండబెట్టండి. వీన్ని ఇంకో చోటికి తీస్కపోతాం."

"ఏందప్పా ఇది?" లూదియా కళ్లెర్ర చేసింది. "నెత్తురు మా ఆయప్పది, బెడ్డు మీదా?"

"పేరు చూసి ఇయ్యలేదు నేను. ఆ నెత్తురు చూసి ఇచ్చినా." సుప్రజ ప్రవీణ్‌ని పక్కకు నెట్టి స్ట్రెచర్ తానే తోసింది. యోహాను ముఖానికి మాస్కు బిగించింది. అతని ఛాతీ కాస్త తేలిగ్గా లేచేదాకా అక్కడే నిలబడింది.

రామయ్య తలుపు దగ్గర తచ్చాడుతున్నాడు. "మరి నా సంగతేందమ్మా?"

సుప్రజ కొత్త సూది విప్పింది.

"కూసో పెద్దాయనా. చొక్కా చెయ్యి పైకి మడువు. ఈసారి నీ చెయ్యే చాపు."